గర్భాశయ లోపొర క్యాన్సర్: టెలోమియర్ ప్రొటీన్లను ప్రోగ్నోస్టిక్ మార్కర్లుగా పరీక్షించడం ఎలా

గర్భాశయ క్యాన్సర్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. అది వేరు, దానికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇక్కడ మాట్లాడుకునేది గర్భసంచి లోపలి పొరలో, అంటే ఎండోమెట్రియంలో పుట్టే క్యాన్సర్ గురించి. ఎక్కువగా నెలసరి ఆగిపోయిన స్త్రీలలో మళ్లీ రక్తస్రావం కనబడటంతో బయటపడుతుంది. చాలామందిలో తొలి దశలోనే దొరికి, ఆపరేషన్‌తో నయమైపోతుంది. కొందరిలో తిరగబెడుతుంది. ఆ కొందరెవరో ముందే తెలిస్తే వాళ్లకు రేడియేషన్, కీమోథెరపీ గట్టిగా ఇవ్వొచ్చు, మిగతావాళ్లను ఆ బాధ నుంచి తప్పించొచ్చు. జబ్బు ముందుముందు ఎలా నడుస్తుందో సూచించే గుర్తు (ప్రోగ్నోస్టిక్ మార్కర్) కోసం వెతకడం ఇందుకే.

చేతిలో పారఫిన్ బ్లాకులు (మైనంలో నిల్వచేసిన కణజాలం ముక్కలు), రోగుల ఫాలో‌అప్ వివరాలు, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీతో ప్రొటీన్‌కు రంగు వేసి చూడటం) చేయగలిగిన ల్యాబు ఉన్నవారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. చికిత్స నిర్ణయించడానికి టెలోమియర్ ప్రొటీన్ ఏదీ ఇంకా మామూలు పాథాలజీ రిపోర్టులోకి చేరలేదు. కాబట్టి ఇది పరిశోధన పని. ఎథిక్స్ కమిటీ అనుమతితో మొదలుపెట్టండి. వచ్చిన స్కోరు రోగి ఫైలులోకి వెళ్లకూడదు.

ఈ పొర మిగతా అవయవాల్లాంటిది కాదు

క్రోమోజోముల చివర్లలో టీటీఏజీజీజీ అనే ఆరు అక్షరాల వరుస వేలసార్లు తిరిగి తిరిగి వస్తుంది. అదే టెలోమియర్. కణం విభజన చెందిన ప్రతిసారీ అది కొంచెం అరుగుతుంది. ఆ అరుగుదలను పూడ్చే ఎంజైమ్ టెలోమరేజ్. పెద్దవాళ్ల శరీరంలో చాలా కణజాలాల్లో అది దాదాపు నిద్రపోతూ ఉంటుంది, క్యాన్సర్లలో ఎక్కువ శాతం దాన్ని తట్టిలేపుతాయి. అందుకే 'టెలోమరేజ్ ఉంటే క్యాన్సర్' అనే సులువు సూత్రం చాలాచోట్ల పనికొస్తుంది.

ఎండోమెట్రియంలో ఆ సూత్రం పనికిరాదు. నెలనెలా రాలి మళ్లీ పెరిగే పొర ఇది. నెలసరి తర్వాతి పెరుగుదల దశలో ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కణాల్లోనే టెలోమరేజ్ చురుగ్గా ఉంటుంది, అండం విడుదలయ్యాక స్రావ దశలో పడిపోతుంది. ఈస్ట్రోజెన్ టర్ట్ (టెలోమరేజ్‌లోని ముఖ్య ప్రొటీన్) జన్యువును పనిచేయిస్తుంది, ప్రొజెస్టిరాన్ అణచివేస్తుంది. నెలసరి ఆగాక పొర పలచబడి టెలోమరేజ్ కూడా బాగా తగ్గిపోతుంది. ఈ ఒక్క సంగతి నుంచి చేయాల్సిన పనులు చాలా పుడతాయి.

మొదటిది, పోల్చడానికి తీసుకునే మామూలు పొర నెలసరి ఆగిన స్త్రీలదే కావాలి. రోగులు అరవై దాటినవారై, కంట్రోళ్లు నెలసరి వస్తున్నవారైతే కనబడే తేడా హార్మోన్లదా క్యాన్సర్‌దా అని ఎవరూ చెప్పలేరు. చిన్న వయసు కంట్రోళ్లు తప్పనిసరైతే ఏ దశలో తీసిన పొరో సూక్ష్మదర్శినిలో తేల్చి రాసుకోండి. రోగి చెప్పిన తేదీని మాత్రమే నమ్మొద్దు.

రెండోది, ఆపరేషన్‌కు ముందు ప్రొజెస్టిన్ మాత్రలు, లెవోనార్జెస్ట్రెల్ లూప్, టామాక్సిఫెన్, హార్మోన్ రీప్లేస్‌మెంట్ వాడారా అన్నది ప్రతి రోగికీ నమోదు చేయాలి. ప్రొజెస్టిన్ వాడిన కణితిని మిగతావాటితో కలిపి లెక్కేస్తే మందు ప్రభావాన్ని కణితి స్వభావం అనుకుంటాం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ పొరలో టెలోమరేజ్ కణవిభజన వేగంతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మీ ప్రొటీన్ ఎక్కువున్న కణితులు ప్రమాదకరమని తేలితే, అది ప్రొటీన్ గురించిన వార్తా, లేక కణాలు వేగంగా విభజన చెందుతున్నాయన్న పాత వార్తే కొత్త రంగులో వచ్చిందా? దీనికి జవాబు చెప్పలేని అధ్యయనం చేయడం అనవసరం. పక్క సెక్షన్ మీద విభజన చెందుతున్న కణాలను చూపే కేఐ-67 రంగు తప్పనిసరిగా వేయించండి.

ఏ ప్రొటీన్లు ఎంచుకోవాలి

రెండు కుటుంబాలున్నాయి. టెలోమరేజ్ వైపు: ఎంజైమ్ పని చేసే టర్ట్, దానికి అచ్చుగా ఉండే ఆర్‌ఎన్‌ఏ టర్క్, ఆ ఆర్‌ఎన్‌ఏను పట్టి నిలబెట్టే డిస్కెరిన్, నాప్10, ఎన్‌హెచ్‌పీ2, గార్1. టెలోమియర్‌కు గొడుగు పట్టే షెల్టరిన్ వైపు: టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2, ర్యాప్1, టిన్2, టీపీపీ1, పాట్1. టర్క్ ప్రొటీన్ కాదు, యాంటీబాడీతో దొరకదు; అది కావాలంటే ఆర్‌ఎన్‌ఏ ఇన్ సీటూ హైబ్రిడైజేషన్ చేయాలి.

అన్నిటినీ ఒకేసారి పట్టుకోవాలనిపిస్తుంది. వద్దు. ఈ పదకొండు ప్రొటీన్లను మూడు రకాల ఫలితాలతో పోలిస్తే ముప్పై మూడు పరీక్షలవుతాయి. 5% ప్రమాణంతో చూస్తే ఏ నిజమూ లేకపోయినా సగటున ఒకటికి పైగా 'ముఖ్యమైన' ఫలితాలు వచ్చేస్తాయి. ఒకటో రెండో ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో ముందే రాసిపెట్టండి.

మా సలహా: ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి డిస్కెరిన్, టీఆర్‌ఎఫ్2 లాంటివి టర్ట్ కంటే మేలు. టర్ట్ కణంలో చాలా అరుదు. టెలోమరేజ్ బాగా పనిచేసే క్యాన్సర్ కణాల్లోనే కొన్ని వందల అణువులకు మించి ఉండదు. మామూలుగా వాడే డాబ్ అనే గోధుమరంగుతో అంత తక్కువ ప్రొటీన్‌ను పట్టడం కష్టం. పైగా ఒకప్పుడు విస్తారంగా వాడిన 44ఎఫ్12 అనే టర్ట్ యాంటీబాడీ క్లోన్ నిజానికి వేరే ప్రొటీన్ అయిన న్యూక్లియోలిన్‌ను గుర్తుపడుతోందని 2006లో తేలింది. న్యూక్లియోలిన్ కూడా వేగంగా విభజన చెందే కణాల్లోనే ఎక్కువ, అందుకే ఆ తప్పు అంతకాలం ఒప్పులా కనిపించింది. టర్ట్ గురించే తెలుసుకోవాలంటే తాజాగా గడ్డకట్టించిన కణజాలంలో ఎంజైమ్ పనిని ట్రాప్ పరీక్షతో కొలవండి. లేదా ఆర్‌ఎన్‌ఏ చూడండి, కానీ పూర్తి పొడవు రూపాన్ని మాత్రమే పట్టే ప్రైమర్లతో. ఆల్ఫా, బీటా భాగాలు తెగిపోయిన రూపాలు ఎంజైమ్‌గా పనిచేయవు. ట్రాప్ చేసేటప్పుడు కణితిలోకి చొరబడ్డ లింఫోసైట్లకు కూడా టెలోమరేజ్ ఉంటుందని మరవకండి. ప్రతి నమూనాకూ వేడిచేసిన లేదా ఆర్‌ఎన్‌ఏజ్ కలిపిన జోడీ గొట్టం ఉండాలి, పీసీఆర్‌ను ఆపే పదార్థాలను పట్టే అంతర్గత కంట్రోలు ఉండాలి.

డిస్కెరిన్ విషయంలో ఒక జాగ్రత్త. దానికి టెలోమరేజ్ ఒక్కటే పని కాదు, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను సరిదిద్దేదీ అదే. కాబట్టి దాని మోతాదు రెండు కథలు ఒకేసారి చెబుతుంది. 'క్యాన్సర్ కదా, ఎక్కువుంటే చెడు' అనే ఊహతో దిగకండి. ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో డిస్కెరిన్ ప్రొటీన్ తగ్గడమే చెడు సూచనగా కనబడిన అధ్యయనం ఉంది. అందుకే గణాంకాల్లో ఎప్పుడూ రెండు వైపుల పరీక్షే వాడండి.

ఎంతమంది కావాలి

చూడాల్సింది రోగుల సంఖ్య కాదు, తిరగబెట్టిన కేసుల సంఖ్య. మార్కర్ ఎక్కువ, తక్కువ అని రెండు సమాన గుంపులుగా విడగొట్టి, ప్రమాదం రెండింతలయ్యే తేడాను 80% శక్తితో (నిజంగా తేడా ఉంటే అది దొరికే అవకాశం) పట్టాలంటే సుమారు 66 ఘటనలు, అంటే తిరగబెట్టిన కేసులు, కావాలి. గుంపులు 25, 75 శాతాలుగా విడిపోతే 88 అవుతుంది. తేడా ఒకటిన్నర రెట్లే అయితే 190 దాటుతుంది. మీ రోగుల్లో 15% మందికి తిరగబెడుతుందనుకుంటే 66 ఘటనలకు 440 మంది కావాలన్నమాట. డెబ్బై, ఎనభై బ్లాకులతో మొదలుపెట్టే అధ్యయనాలు ఇక్కడే చతికిలపడతాయి. బ్లాకులు తక్కువుంటే మరో కేంద్రాన్ని కలుపుకోండి. కలుపుకోలేకపోతే ఇది తొలి పరిశీలన మాత్రమేనని ఒప్పుకుని రాయండి.

ఇంకో లెక్క. తిరగబెట్టే ముప్పును పలు కారణాలతో కలిపి లెక్కించే కాక్స్ మోడల్‌లో ఒక్కో గుణకానికి కనీసం పది ఘటనలుండాలనేది వాడుకలో ఉన్న కొండగుర్తు. 66 ఘటనలుంటే ఆరు గుణకాలు. వయసుకు ఒకటి, దశకు ఒకటి, నాలుగు మాలిక్యులర్ వర్గాలకు (వాటి సంగతి 'లెక్కలు కట్టడం'లో) మూడు, మీ మార్కర్‌కు ఒకటి. అక్కడితో చేతిలోవి అయిపోయాయి. గ్రేడు, లింఫ్ నాళాల్లోకి వ్యాపించడం, కేఐ-67 కూడా చేర్చాలంటే ఘటనలు పెరగాల్సిందే.

కణజాలం, బ్లాకులు

తీసిన గర్భసంచిని అలాగే ఫార్మలిన్ డబ్బాలో పడేయడం అతి మామూలుగా జరిగే తప్పు. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి పోతుంది. మందపాటి కండర పొర దాటి లోపొరను చేరేలోపు అది కుళ్లడం మొదలవుతుంది, అన్నిటికంటే ముందు న్యూక్లియస్ గుర్తులు చెదురుతాయి. గంటలోపే గర్భసంచిని చీల్చి తెరిచి, 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటల మధ్య ఉంచాలి. పాత బ్లాకులైతే ఇది మీ చేతిలో ఉండదు. అప్పుడు హీమటాక్సిలిన్-ఇయోసిన్ స్లైడు చూసి, న్యూక్లియస్‌లు మసకబారిన బ్లాకులను ఫలితాలు తెలియకముందే పక్కన పెట్టండి. చిన్న బయాప్సీ ముక్కలు త్వరగా, బాగా ఫిక్స్ అవుతాయి కాబట్టి వాటిలో రంగు ముదురుగా వస్తుంది. బయాప్సీలనూ హిస్టరెక్టమీ (గర్భసంచి తీసేసే ఆపరేషన్) నమూనాలనూ ఒకే పట్టికలో కలపొద్దు.

టిష్యూ మైక్రోఅర్రే (చాలా కణితుల చిన్న ముక్కలను ఒకే బ్లాకులో పేర్చడం) చేస్తే ఒక్కో కణితి నుంచి 1 మి.మీ. కోర్లు మూడు తీయండి: రెండు మధ్య నుంచి, ఒకటి కండరంలోకి చొచ్చుకెళ్లే అంచు నుంచి. ఎక్కడ గుచ్చాలో స్త్రీరోగ పాథాలజీ తెలిసినవారే స్లైడు మీద గీయాలి. పక్కనే ఉన్న హైపర్‌ప్లేసియా (క్యాన్సర్ కాని అతిపెరుగుదల), అడినోమయోసిస్ (కండరంలోకి దిగిన మామూలు లోపొర) కోర్‌లోకి రాకూడదు. దిక్కు తెలియడానికి ఒక మూల లివర్ కోర్ పెట్టండి. టాన్సిల్ కూడా పెట్టండి, దాని జెర్మినల్ సెంటర్లలో టెలోమరేజ్ సహజంగానే చురుగ్గా ఉంటుంది. స్లైడు తిప్పేసి చదివితే మొత్తం మ్యాపు తారుమారవుతుంది, జాగ్రత్త.

యాంటీబాడీని ముందు నిలదీయండి

కణజాలం మీద రంగు వేయడానికి ముందు రెండు వారాలు దీనికే కేటాయించండి. ల్యాబుల్లో వాడే హీలా, యూ2ఓఎస్ క్యాన్సర్ కణాలు పెంచి, ఫార్మలిన్‌లో ఫిక్స్ చేసి, పారఫిన్ సెల్ బ్లాకులుగా మార్చండి. హీలాలో టెలోమరేజ్ ఉంది. యూ2ఓఎస్ టెలోమరేజ్ లేకుండా ఆల్ట్ అనే దారిలో టెలోమియర్లను కాపాడుకుంటుంది, టర్ట్ అందులో కనబడదు. మీ టర్ట్ యాంటీబాడీ యూ2ఓఎస్‌ను కూడా గోధుమరంగు చేస్తే దాన్ని పక్కన పడేయండి, ఇంకో ఆలోచన వద్దు.

డిస్కెరిన్, షెల్టరిన్ ప్రొటీన్లకు ఈ కిటుకు పనిచేయదు, అవి యూ2ఓఎస్‌లో కూడా ఉంటాయి. డిస్కెరిన్ లేకుండా కణం బతకదు కాబట్టి జన్యువును పూర్తిగా తీసేయడం కుదరదు. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ)తో తగ్గించి, 72 గంటల తర్వాత సెల్ బ్లాకు చేసి, తగ్గించని బ్లాకు పక్కన పెట్టి రంగు వేయండి. వెస్టర్న్ బ్లాట్‌లో సరైన బరువు దగ్గర ఒకే గీత రావాలి, స్లైడులో రంగు ఉండాల్సిన చోటే ఉండాలి. డిస్కెరిన్‌కు న్యూక్లియోలస్ ప్రధానం. సైటోప్లాజం అంతా పాకిన రంగు వస్తే డైల్యూషన్ తప్పయినా అయి ఉండాలి, యాంటీబాడీ చెడ్డదైనా అయి ఉండాలి.

రంగు వేయడం

4 మైక్రాన్ల సెక్షన్లు, చార్జ్ ఉన్న స్లైడుల మీద. 60 డిగ్రీల్లో గంటసేపు ఆరబెట్టి, జైలీన్, ఆల్కహాల్ మెట్ల మీదుగా నీళ్లకు తెండి. కోసిన సెక్షన్లు నెలల తరబడి నిల్వ ఉంటే యాంటిజెన్ తగ్గిపోతుంది, కోసిన కొద్ది వారాల్లోనే వాడేయండి.

యాంటిజెన్ తిరిగి తేల్చడానికి రెండు బఫర్లూ పరీక్షించండి. సిట్రేట్: లీటరు నీటికి ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రాములు, పీహెచ్ 6.0, ట్వీన్-20 అర మిల్లీలీటరు. ట్రిస్-ఈడీటీఏ: ట్రిస్ 1.21 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ 0.37 గ్రాములు, పీహెచ్ 9.0, ట్వీన్ అంతే. 95 నుంచి 100 డిగ్రీల్లో 20 నిమిషాలు, తర్వాత అదే బఫర్‌లో 20 నిమిషాలు చల్లారనివ్వండి. తొందరపడి వేడి స్లైడును చల్లటి నీళ్లలో ముంచితే కోర్లు ఊడిపోతాయి.

3% హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు, ప్రొటీన్ బ్లాక్ 20 నిమిషాలు. ప్రైమరీ యాంటీబాడీకి 1:50 నుంచి 1:800 దాకా రెట్టింపు చేసుకుంటూ ప్రయత్నించి, హీలా బాగా కనబడి నెగటివ్ కంట్రోలు శుభ్రంగా ఉండే చోట ఆగండి. 4 డిగ్రీల్లో రాత్రంతా, మూత వేసిన తేమ పెట్టెలో. తర్వాత పాలిమర్ సెకండరీ 30 నిమిషాలు, డాబ్ 5 నిమిషాలు, లేత హీమటాక్సిలిన్. హీమటాక్సిలిన్ ముదిరితే తక్కువగా ఉన్న న్యూక్లియర్ రంగు నీలంలో మునిగిపోతుంది.

ఎవిడిన్-బయోటిన్ కిట్లు ఈ కణజాలానికి వద్దు. ఎండోమెట్రియాయిడ్ కణితుల్లో గుండ్రంగా గుమికూడే స్క్వామస్ మొరూల్స్ న్యూక్లియస్‌లలో సహజంగానే బయోటిన్ పేరుకుంటుంది, వేడి బఫర్ దాన్ని ఇంకా బయటపెడుతుంది. బయోటిన్ కిట్ వాడితే ఏ యాంటీబాడీ వేసినా ఆ న్యూక్లియస్‌లు పాజిటివ్‌గా మెరుస్తాయి, టెలోమియర్ ప్రొటీన్ దొరికిందని సంబరపడతాం. పాలిమర్ వాడండి, మొరూల్స్‌ను స్కోరులో ఎలాగూ లెక్కించొద్దు. రక్తస్రావమైన చోట మిగిలే హీమోసిడెరిన్ కూడా డాబ్‌లాగే గోధుమరంగులో ఉంటుంది. ప్రైమరీ వేయని స్లైడు పక్కన ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

అన్ని అర్రే స్లైడులకూ ఒకే రోజు, ఒకే డాబ్ ద్రావణంతో రంగు వేయండి. రెండు రోజులకు పంచక తప్పకపోతే మంచి ఫలితమున్న రోగులూ చెడ్డ ఫలితమున్న రోగులూ రెండు రోజుల్లోనూ కలగలిసి ఉండేలా చూడండి.

స్కోరు

హెచ్-స్కోరు వాడండి: లేత కణాల శాతాన్ని 1తో, మధ్యస్థాన్ని 2తో, ముదురును 3తో గుణించి కూడాలి. 20% లేత, 30% మధ్యస్థం, 40% ముదురు అయితే 20+60+120, అంటే 200. గరిష్ఠం 300. న్యూక్లియస్, న్యూక్లియోలస్, సైటోప్లాజం విడివిడిగా స్కోరు చేయండి, మొత్తంగా కలిపేస్తే ప్రొటీన్ చోటు మారిన సంగతి పోతుంది. గ్రంథి కణాలే లెక్క, మధ్యనున్న స్ట్రోమా కాదు. కనీసం వంద కణితి కణాలు లేని కోర్‌ను వదిలేయండి.

ఇద్దరు పాథాలజిస్టులు, ఫలితాలు తెలియకుండా, ఒకరి స్కోరు ఒకరు చూడకుండా చదవాలి. తేడా బాగా ఉన్నచోట ఇద్దరూ కలిసి మళ్లీ చూడాలి, కానీ మొదటి స్కోర్ల మధ్య పొంతన ఎంతో రిపోర్టులో ఉండాలి. కలిసి సరిదిద్దాక వచ్చిన పొంతనను గొప్పగా చూపించడం పాఠకులను మోసగించడమే.

టెలోమియర్ పొడవు కూడా కొలవాలనుకుంటే పారఫిన్ డీఎన్‌ఏతో సదరన్ బ్లాట్ కుదరదు, అది ముక్కలైపోయి ఉంటుంది. క్యూ-ఫిష్ (సెక్షన్ మీదే టెలోమియర్‌ను మెరిపించి కొలవడం) మేలు. అదే సెక్షన్‌లోని స్ట్రోమా కణాలు లోపలి కొలబద్దగా పనికొస్తాయి. పీసీఆర్‌తో కొలిస్తే కణితి, స్ట్రోమా, లింఫోసైట్లు అన్నీ కలిసిన సగటే దొరుకుతుంది.

లెక్కలు కట్టడం

2013లో వచ్చిన టీసీజీఏ (క్యాన్సర్ జన్యువులను చదివే అమెరికా పథకం) అధ్యయనం 373 కణితులను చూసి ఈ క్యాన్సర్‌ను నాలుగు వర్గాలు చేసింది. మామూలు ల్యాబులో వాటికి దగ్గరి వర్గీకరణ ఇలా: పోల్ జన్యువు ఎక్సోన్యూక్లియేజ్ భాగంలో మ్యుటేషన్ ఉన్నవి, మిస్‌మ్యాచ్ రిపేర్ (డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే ఏర్పాటు) లోపం ఉన్నవి, పీ53 అసహజంగా ఉన్నవి, ఈ మూడూ లేనివి. పోల్ వర్గం వారు చాలా బాగుంటారు, పీ53 వర్గానికి ముప్పు ఎక్కువ. 2023 ఫిగో (అంతర్జాతీయ స్త్రీరోగ, ప్రసూతి వైద్యుల సమాఖ్య) దశల విధానంలోకి కూడా ఇవి వచ్చాయి. మీ మార్కర్ పీ53 వర్గంలో ఎక్కువగా ఉంటే చాలు, దానంతట అదే ప్రమాద సూచికలా కనబడుతుంది. వర్గం తెలియకుండా మార్కర్ అధ్యయనం ఈ రోజుల్లో చేయకూడదు. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీ53 యాంటీబాడీలకూ పోల్ సీక్వెన్సింగ్‌కూ బడ్జెట్ ముందే కేటాయించండి. దశ రాసేటప్పుడు 2009 విధానమా 2023 విధానమా స్పష్టంగా చెప్పి, అందరికీ ఒక్కటే వాడండి.

మొదట మార్కర్ లేని మోడల్ కట్టండి: వయసు, దశ, మాలిక్యులర్ వర్గం. దానికి హెచ్-స్కోరును అంకెగానే చేర్చి, మోడల్ మెరుగుపడిందో లేదో లైక్లీహుడ్ రేషియో పరీక్షతో చూడండి. తర్వాత కేఐ-67 చేర్చి మళ్లీ చూడండి. అప్పటికీ మార్కర్ నిలబడితే మీ దగ్గర ఒక విషయం ఉన్నట్టు. పోల్ వర్గంలో ఘటనలు ఒక్కటీ లేకపోతే గుణకం అనంతానికి పరుగెడుతుంది. ఫర్త్ సవరణ వాడండి.

స్కోరును ఎక్కువ, తక్కువగా విడగొట్టాలంటే గీత ఎక్కడ గీయాలో ముందే నిర్ణయించుకోండి, మీడియన్ (సరిగ్గా మధ్య స్కోరు) అయినా సరే. అన్ని చోట్లా గీసి చూసి అతి చిన్న పీ విలువ వచ్చిన చోట ఆగితే 5% అనుకున్న తప్పు అవకాశం 40% దాకా పెరుగుతుంది. ఎన్నో అందమైన కాప్లాన్-మేయర్ గీతల (కాలంతో పాటు ఎందరు బాగున్నారో చూపేవి) వెనక ఉన్నది ఇదే.

ఈ రోగుల్లో చాలామంది పెద్ద వయసువారు, ఊబకాయం, మధుమేహం ఉన్నవారు. క్యాన్సర్ నయమై గుండె జబ్బుతో పోయేవారు తక్కువేమీ కాదు. మొత్తం మరణాలనే లెక్కిస్తే మార్కర్ ప్రభావం అందులో కలిసిపోతుంది. తిరగబెట్టడాన్ని ప్రధాన ఫలితంగా తీసుకుని, ఇతర కారణాల మరణాలను పోటీ ఘటనలుగా లెక్కించండి. గడియారం అందరికీ ఆపరేషన్ రోజు నుంచే మొదలవ్వాలి. రేడియేషన్, కీమో ఎవరికిచ్చారో కూడా నమోదు కావాలి. ముప్పు ఎక్కువనుకున్నవారికే అవి ఇస్తారు కాబట్టి అవి మార్కర్ ప్రభావాన్ని కప్పేయగలవు.

రాసేటప్పుడు 2005లో వచ్చిన రిమార్క్ (కణితి మార్కర్ అధ్యయనాలు రాసే తీరు) మార్గదర్శకాల్లోని ఇరవై అంశాలనూ వరసగా పెట్టుకుని సరిచూడండి. ఎన్ని బ్లాకులతో మొదలై, ఎన్ని కోర్లు రాలి, ఎందరి ఫాలో‌అప్ దొరక్క, చివరికి ఎందరు మిగిలారో బొమ్మగా చూపండి. యాంటీబాడీ క్లోన్, లాట్ నంబరు, డైల్యూషన్, బఫర్ రాయండి. మార్కర్ ఏమీ చెప్పలేదని తేలితే దాన్ని కూడా పూర్తి అంకెలతో ప్రచురించండి. చెప్పిందని తేలితే అదే యాంటీబాడీ, అదే గీత, అదే మోడల్ ఏమాత్రం మార్చకుండా మీరెన్నడూ చూడని మరో కేంద్రం రోగుల మీద పెట్టి చూడండి.